చుక్క నుంచి చుక్క దాకా

వరహాలు మాస్టారు ఇంగ్లీషు చెప్పే తీరుకి ముమ్మిడివరం పక్కనున్న ఆ ఊరి బడిలో ఒక పేరుండేది. గాలం పద్ధతి. పాఠం అర్థం కానక్కర్లేదు. ప్రశ్నలో ఉన్న పెద్ద మాట ఒకటి పట్టుకోవాలి. అది ఎర. దాన్ని తీసుకెళ్లి పాఠంలో వెయ్యాలి. ఆ మాట ఎక్కడ తగిలితే అక్కడ ఆగి, వెనకున్న చుక్క నుంచి ముందున్న చుక్క దాకా మొత్తం ఎత్తి జవాబు కాగితంలో పెట్టెయ్యాలి. "అది ఏ జాతి చేపో నీకెందుకురా, బుట్టలో పడిందా లేదా?" అనేవారు మాస్టారు. ఎర తగలని ప్రశ్న వస్తే వదిలేసి తర్వాతదానికి పోవాలి. అలాంటివి నాలుగైదే ఉంటాయి, వాటితో మనకి పని లేదు. ఆ లెక్కన త్రిమూర్తులు పదో తరగతి ఇంగ్లీషులో ముప్ఫై ఎనిమిది మార్కులతో గట్టెక్కాడు.

ఆ మార్కులు తర్వాత పదిహేనేళ్లపాటు ఎందుకూ కొరగాలేదు. కొబ్బరికాయ ఒలవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. జెబెల్ అలీ అనే అరబ్బు రేవు పక్కనున్న ఫ్రీ జోన్‌లో టైల్సు పెట్టెలు మొయ్యడానికీ అక్కర్లేదు.

అది చైనావాళ్ల కంపెనీ. ఓడల మీద వచ్చిన కంటెయినర్లు షెడ్డు ముందు ఆగుతాయి. పెట్టెలు దించి, వేరు చేసి, మళ్లీ వేరే కంటెయినర్లకి ఎక్కిస్తే అవి ఆఫ్రికా వెళ్లిపోతాయి. త్రిమూర్తులు మూడేళ్లుగా దించుతున్నాడు, ఎక్కిస్తున్నాడు. మూడో ఏడు మధ్యలో నడుములో ఏదో జారింది. పొద్దున్నే మంచం దిగాలంటే ముందు పక్కకి దొర్లి, మోచేతి మీద లేచి, గోడ పట్టుకుని నిలబడాలి. ఇంకో రెండేళ్లు ఇలాగే మోస్తే ఇంటికెళ్లేది నిలబడో, పడుకునో అతనికే తెలియదు.

షెడ్డు మూలన ఒక అద్దాల గది ఉంది. ఏసీ గది. అందులో ఒక బల్ల, ఒక తిరిగే కుర్చీ. టాలీ క్లర్కు కుర్చీ అది. దిగిన పెట్టెకి ఒక గీత, ఎక్కిన పెట్టెకి ఒక గీత పెట్టుకుంటూ, చివర ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి సంతకం చేస్తే క్లర్కు పని అయిపోయినట్టే. ప్రస్తుతం ఉన్న కేరళాయన వేసవికి పని మానేసి పూర్తిగా ఇంటికెళ్లిపోతున్నాడని అందరికీ తెలుసు. త్రిమూర్తులు రోజుకి ఎన్నిసార్లు ఆ గది ముందునుంచి పోతే అన్నిసార్లూ ఆ కుర్చీ వంక చూసేవాడు. వీపు ఆనుకునే చోట నల్లటి మెత్త ఉండేది. నడుము ఎక్కడ నొప్పో సరిగ్గా అక్కడ తగిలేలా కుట్టినట్టుండేది.

రెండువేల అయిదు చలికాలంలో ఒకరోజు అన్నాల వేళ, గోదాము సూపర్‌వైజరు షెన్ సాబ్ ఆ గదిలోంచి బయటికి వచ్చాడు. చేతిలో ఇటుకంత మందాన పుస్తకం. షెడ్డులో కూర్చున్నవాళ్లని ఒకసారి కలయజూసి అడిగాడు.

"ఇంగ్లిష్ కౌన్ పఢా?"

అందరూ అన్నం డబ్బాల్లోకి తలలు దించుకున్నారు. సూపర్‌వైజరు ఏదన్నా అడిగితే ముందు నోరు తెరిచినవాడి మీదే పని పడుతుంది.

"మా అన్న పఢా సాబ్! టెన్త్ పాస్!" అంటూ ఖాదర్ హుస్సేన్ వెనకనుంచి త్రిమూర్తుల్ని ముందుకి నెట్టాడు.

ఖాదర్‌ది రాయచోటి. ఇరవై ఆరేళ్లవాడు. పెట్టెల దొంతరలు ఎత్తి దించే మూడో నంబరు ఫోర్క్‌లిఫ్టు బండి నడుపుతాడు. పనివాళ్లుండే క్యాంపులో కింది మంచం త్రిమూర్తులది, పై మంచం అతనిది.

"ఒరే, నోరు ముయ్యరా," అన్నాడు త్రిమూర్తులు పళ్ల బిగువున.

"పో అన్నా. లోపల ఏసీ ఉండాది. నీ నడుముకు సల్లగా ఉంటాది. గంటసేపు కూసుంటే నీ సొమ్మేం పోతాది?"

అలా మొదలైంది.

ఆ పుస్తకం చైనాలో పెద్ద బడి పిల్లలది. కాలేజీకి పోయే ముందు చదివే ఆఖరి మూడేళ్లకి ఇంగ్లీషు వ్యాకరణం, పాఠం చదివి జవాబులు గుర్తుపెట్టే అభ్యాసాలు అందులో ఉన్నాయి. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో, చైనా భాష చీమల బారులా దాని కింద. షెన్ సాబ్ కూతురు లింగ్ అక్కడ ఆఖరి ఏడు చదువుతోంది. జూన్‌లో పరీక్ష. ఆ ఒక్క పరీక్షే ఆ దేశంలో మనిషి ఎటు పోవాలో తేలుస్తుందట. లెక్కల్లో గట్టిదేగానీ ఇంగ్లీషు దగ్గర జారిపోతోంది. షెన్ సాబ్ అదే పుస్తకం రెండో కాపీ తెప్పించుకున్నాడు. కూతురు ఏ రోజు ఏ పేజీ చేస్తే తనూ ఆ రోజు ఆ పేజీ చేస్తాడు. శుక్రవారం ఫోన్లో ఇద్దరూ సరిచూసుకుంటారు.

"పహలే ఫోన్, ఖానా ఖాయా? ఖాయా. ఖలాస్," అన్నాడొకసారి, వేడినీళ్లలో ఆకులు తేలుతున్న ఫ్లాస్కు మూత తిప్పుతూ. "అబీ ఫోన్, ఆధా ఘంటా."

నాలుగేళ్లుగా తండ్రీకూతుళ్లకి తిన్నావా, తిన్నాను అన్న రెండు మాటలే ఉండేవని, పుస్తకం వచ్చాక అరగంట మాట్లాడుకుంటున్నారని త్రిమూర్తులు అర్థం చేసుకున్నాడు. షెన్ సాబ్ హిందీకి ఆడా మగా లేదు, నిన్నా రేపూ లేదు. అయినా చెప్పదలుచుకున్నది చెప్పేసేవాడు.

త్రిమూర్తులు అతనికి గాలం పద్ధతి నేర్పాడు. మొదటి వారంలోనే షెన్ సాబ్ బల్ల మీద చరిచి నవ్వాడు. పది ప్రశ్నల్లో ఆరు బుట్టలో పడ్డాయి. మిగిలిన నాలుగూ ఎర తగలనివి. ప్రతి పాఠం చివరా అలాంటిది ఒకటి ఉండేది. 'ఈ పాఠాన్ని బట్టి మనం ఏం గ్రహించవచ్చు?' ఆ 'గ్రహించు' అన్న మాట పాఠంలో ఎక్కడా దొరకదు. దాని దగ్గరికి రాగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, వెనక పేజీలో జవాబు చూసి గుర్తు పెట్టేసుకునేవాళ్లు.

ఫిబ్రవరిలో ఒకరోజు కొబ్బరితోట పాఠం వచ్చింది. ఎక్కడో సముద్రంలో ఒక దీవి, దాంట్లో ఒక ముసలాయన. ఏడాదికోసారి, ఎండలు తగ్గాక, చెట్లెక్కి కాయ దింపుతాడట. ప్రశ్న ఏంటంటే, ముసలాయన ఏడాదికి ఎన్నిసార్లు కాయ దింపుతాడు? ఎ దగ్గర ఒకసారి అని, డి దగ్గర ఎనిమిదిసార్లు అని ఉంది.

త్రిమూర్తులు గాలం సంగతే మర్చిపోయాడు. కొబ్బరి దగ్గర కూడా గాలం ఎందుకు? పెన్సిలు తీసుకుని డి చుట్టూ సున్నా చుట్టాడు.

షెన్ సాబ్ వెనక పేజీ చూసి తల అడ్డంగా ఊపాడు. ఎ.

"గలత్ సాబ్," అన్నాడు త్రిమూర్తులు. "హమారా గావ్ మే ఆఠ్ బార్. నలభై అయిదు దిన్, ఒక దింపు. నేను పుట్టినకాడినుంచీ చూస్తన్నాను సాబ్."

ఎప్పుడు హిందీ అయిపోయి తెలుగు వచ్చిందో అతనికే తెలియలేదు.

షెన్ సాబ్ ఓపిగ్గా పాఠం మీద వేలు పెట్టాడు. "కితాబ్ క్యా బోలా?"

"ఏక్ బార్ బోలా. కితాబ్ గలత్ బోలా."

"తుమ్ నై బోలో," అన్నాడు షెన్ సాబ్. "కితాబ్ బోలేగా."

తర్వాత లింగ్ వాళ్ల టీచరు చెప్పిన మాట కూడా చెప్పాడు. పాఠం చదవడానికి కూర్చునేటప్పుడు నీకు తెలిసిందంతా చెప్పులు విడిచినట్టు గుమ్మం బయట విడిచి రావాలట. నిజమేంటి, అబద్ధమేంటి అని పాఠం అడగదు. పాఠంలో ఏముంది, అంతే.

ఆ సాయంత్రం కంపెనీ బస్సులో త్రిమూర్తులు ఇదంతా చెప్తే ఖాదర్ కిటికీకి తల కొట్టుకుని నవ్వాడు.

"ఆ ముసలోనికి నీ మాదిరే నడుం నొప్పేమోన్నా. ఏడాదికి ఒకతూరి ఎక్కేదే గొప్ప. నువ్వేమో ఎనిమిదితూర్లు ఎక్కు ఎక్కంటావు, పాపం."

మార్చి వచ్చేసరికి త్రిమూర్తుల్లో ఒక మార్పు వచ్చింది. మూడేళ్లుగా బస్సులోంచి బొమ్మల్లా కనిపించిన బోర్డులు మాట్లాడడం మొదలుపెట్టాయి. ఇక్కడ బండి ఆపరాదు. ముందు మలుపు ఉన్నది. ఒక్కొక్కటే చదివి తెలుగులో చెప్తుంటే ఖాదర్ చుట్టుపక్కల సీట్లవాళ్లని కూడా లేపేవాడు. "మా అన్న సదువుతాండాడు, ఇనండ్రా!"

ఆ నెలలోనే మూడో నంబరు ఫోర్క్‌లిఫ్టుకి జబ్బు చేసింది. బరువెత్తి పైన ఆపితే ఆగదు. గొలుసు వదులై, బరువు మోసే ఇనుప చేతులు, ఆ ఫోర్కులు, తమంతట తామే కిందికి జారుతున్నాయి. ఒక్కోసారి మధ్యలో బిగుసుకుపోయి, అదాటున దిగుతున్నాయి. ఖాదర్ రెండుసార్లు షెన్ సాబ్‌కి చూపించాడు. ఆఫీసుకి కాగితం రాయాలన్నాడు షెన్ సాబ్. రాసింది త్రిమూర్తులు. అతను పాఠంలోంచి ఎత్తకుండా సొంతంగా రాసిన మొదటి ఇంగ్లీషు అదే. మూడు వాక్యాలు. మూడో నంబరు ఫోర్క్‌లిఫ్టు గొలుసు వదులుగా ఉంది. అది తనంతట తానే దిగిపోతోంది. దయచేసి బాగుచేయించండి. రాసి, నాలుగుసార్లు చదువుకుని, 'తనంతట తానే' అన్నచోట పుస్తకం తీసి సరిచూసుకున్నాడు. సరిగ్గానే ఉంది. షెన్ సాబ్ ఆ కాగితం సేఫ్టీ ఆఫీసరుకి పంపాడు. వచ్చేవారం అని కబురొచ్చింది. మళ్లీ వచ్చేవారం కూడా వచ్చేవారమే అన్నారు.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక పొద్దున పదకొండింటికల్లా కంటెయినరు తలుపు మూసెయ్యాలి. "యల్లా, యల్లా," అని షెన్ సాబ్ తరుముతున్నాడు. టైల్సు ఎత్తిన ఫోర్కులు మనిషెత్తున బిగుసుకుపోయాయి. ఖాదర్ మీట ఎంత నొక్కినా దిగలేదు. షెన్ సాబ్ వచ్చి కింద నిలబడి, దిగి చూడమని చెయ్యూపాడు. ఖాదర్ దిగాడు. గొలుసు ఎక్కడ పట్టుకుందో చూపించడానికి లోపలికి చెయ్యి పెట్టాడు. "ఇంద సాబ్, ఈడ" అన్నాడు. అప్పుడు దిగాయి ఫోర్కులు.

త్రిమూర్తులు పది అడుగుల దూరంలో పెట్టె ఎత్తుకుని ఉన్నాడు. ఆ పెట్టె ఎప్పుడు కింద పెట్టాడో గుర్తులేదు.

ఖాదర్ ఆసుపత్రి నుంచి క్యాంపుకి తిరిగొచ్చేసరికి కుడిచేతికి బొటనవేలొక్కటే మిగిలింది. మిగతాదంతా తెల్లటి మూట. పై మంచం ఎక్కలేడని త్రిమూర్తులు మంచాలు మార్చుకున్నాడు. నడుముతో ఆ ఇనుప మెట్లెక్కడం ఎంత నరకమో పైకి అనలేదు.

తిండి దగ్గర చిక్కొచ్చింది. ఎడమచేత్తో ముద్ద ఎత్తడం ఖాదర్‌కి చేతగాదు. చేతగాకపోవడమే కాదు, వాళ్లలో అది తప్పు. చెంచా ఇస్తే, "అది గూడా ఎడమచెయ్యే గదన్నా," అని పక్కన పెట్టాడు. అందుకని త్రిమూర్తులు అన్నం కలిపి ముద్దలు చేసి నోటికి అందించేవాడు. ఖాదర్ మొదటి రెండు రోజులూ కళ్లు మూసుకుని తిన్నాడు. మూడోరోజు నుంచి ఎగతాళి మొదలుపెట్టాడు.

"కోనసీమోళ్లు ఇంత కారం ఎట్ల తింటారన్నా? యేలు పోయినోనికి నాలిక గూడా పోవాల్నా?"

"మూసుకుని తినరా. మా ఆవిడ దేవికి కూడా నేనెప్పుడూ పెట్టలేదు ముద్ద."

ఇక తేలవలసింది ఒక్కటే. తప్పు యంత్రానిదని తేలితే బీమావాళ్లు వైద్యమూ పరిహారమూ చూస్తారు, కంపెనీ కూర్చుని చేసుకునే పని ఏదో ఇస్తుంది. తప్పు మనిషిదని తేలితే వీసా రద్దు చేసి విమానం టికెట్టు చేతిలో పెడతారు. ఈ సంగతి క్యాంపులో చిన్నా పెద్దా అందరికీ తెలుసు.

ఏప్రిల్ ఆఖర్లో సేఫ్టీ ఆఫీసరు షెడ్డుకి వచ్చి, త్రిమూర్తుల్ని అద్దాల గదిలోకి పిలిచాడు. ఒక కాగితం ముందుకి జరిపాడు.

"నీకు ఇంగ్లీషు వచ్చని షెన్ చెప్పాడు," అన్నాడు హిందీలో. "చదువు."

త్రిమూర్తులు నిలబడే చదివాడు. రెండు పేరాలు. ఎక్కడా అడ్డు తగల్లేదు. ఒక వాక్యం తర్వాత ఒక వాక్యం మెట్లు దిగినట్టు దిగాడు. తెలియని మాట ఒకటి వచ్చినా దాని ముందూ వెనకా చూసి అదేంటో పట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక ఇంగ్లీషు కాగితం మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా, వెనక పేజీలో జవాబులు చూడకుండా, అతనికి అర్థమైంది. గుండె పొంగింది. వరహాలు మాస్టారు గుర్తొచ్చారు. ఆ పొంగు అణిగాకగానీ ఆ కాగితంలో ఏముందో బుర్రకెక్కలేదు.

ఆపరేటరు అనుమతించిన దానికంటే ఎక్కువ బరువు ఎత్తాడు. ఫోర్కులు దించకుండానే సీటు వదిలి దిగాడు. ఎవరూ చెప్పకుండా చెయ్యి లోపల పెట్టాడు. యంత్రం మంచి స్థితిలో ఉన్నది.

"అంతా అర్థమైందా?"

"అయింది సార్."

"వాడికి మీ భాషలో చెప్పి వేలిముద్ర తీసుకురా. బుధవారం బీమా మనిషి వస్తాడు. నిన్ను కూడా రెండు ప్రశ్నలు అడుగుతాడు." ఆఫీసరు లేచి, పక్కనున్న కుర్చీని కాలితో కొంచెం తిప్పాడు. అది సడి లేకుండా తిరిగింది. "ఒకటో తారీఖు నుంచి ఇది ఖాళీ. కాగితంలో ఏముందో అది చదివేవాడు కావాలి మాకు. సొంతంగా కలిపేవాడు అక్కర్లేదు."

మార్చిలో రాసిన కాగితం సంగతి త్రిమూర్తులు అడగలేదు. అది అందింది ఆ ఆఫీసరుకే.

క్యాంపులో ఖాదర్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. త్రిమూర్తులు కాగితం తియ్యగానే మొహం వెలిగింది.

"ఏం రాసినారన్నా?"

త్రిమూర్తులు జేబులోంచి సిరా డబ్బా తీశాడు. "జరిగింది రాశార్రా."

"మిషను సంగతి?"

"మిషను సంగతీ రాశారు."

అది అబద్ధం కాదు. యంత్రం గురించి ఒక వాక్యం ఉంది మరి.

"నువ్వు సదివినాక ఇంక నాకేం సందేహమన్నా," అని ఖాదర్ ఎడమ బొటనవేలు చాపాడు. ఏడో తరగతి దాకా చదివి, తెలుగులోనూ ఉర్దూలోనూ సంతకం చెయ్యగలిగినవాడు. "సూడు, నిశానీగాన్ని అయిపోతి," అని నవ్వాడు. త్రిమూర్తులు ఆ వేలికి సిరా అద్ది, కాగితం మీద పెట్టి నొక్కాడు.

బుధవారం వచ్చిన బీమా మనిషి సూడానువాడు. పొడుగ్గా, నెమ్మదిగా ఉన్నాడు. ముందు ఖాదర్ చేతిని చూసి తలకాయ దించుకున్నాడు. గదిలో సేఫ్టీ ఆఫీసరు, షెన్ సాబ్, ఖాదర్, త్రిమూర్తులు. కాగితం త్రిమూర్తుల చేతిలోనే ఉంది.

ప్రమాద సమయంలో ఆపరేటరు ఏం చేశాడు, అని అడిగాడు సూడానాయన, తేలిక మాటల్లో, ఆగి ఆగి, ఇంగ్లీషులో.

ఆపరేటరు. ఎర పడింది. త్రిమూర్తుల కళ్లు కాగితం మీద పరిగెత్తాయి. మాట తగిలింది. వెనక చుక్క నుంచి ముందు చుక్క దాకా గట్టిగా, స్పష్టంగా చదివాడు. ఆపరేటరు అనుమతించిన దానికంటే ఎక్కువ బరువు ఎత్తాడు.

సూడానాయన రాసుకున్నాడు. యంత్రం ఏ స్థితిలో ఉంది?

యంత్రం. స్థితి. రెండు ఎరలు. చేప ఒక్కటే. యంత్రం మంచి స్థితిలో ఉన్నది.

చదువుతూ ఉండగా పక్కనుంచి ఖాదర్ మొహం కనిపించింది. వాడికి ఒక్క ముక్క అర్థం కావడం లేదు. దొరల్లాగా ఇంగ్లీషు మాట్లాడుతున్న తన మనిషిని చూసుకుంటూ, ఆ చేతి మూట ఒళ్లో పెట్టుకుని, నవ్వుతున్నాడు. బస్సులో బోర్డులు చదివినప్పుడు నవ్విన నవ్వే.

సూడానాయన కలం మూత పెట్టలేదు. కాగితం మీద చెయ్యి వేసి మెల్లిగా కిందికి దించాడు. త్రిమూర్తుల కళ్లలోకి చూశాడు. నువ్వక్కడే ఉన్నావు కదా, నీకు తెలిసింది ఇంకేమైనా ఉందా, అని అడిగాడు.

ఆ ప్రశ్నలో మాట ఒక్కటి కూడా కాగితంలో లేదు.

త్రిమూర్తులు షెన్ సాబ్ వంక చూశాడు. షెన్ సాబ్ ఫ్లాస్కు మూత తీసి లోపలి ఆకుల్ని చూసుకుంటున్నాడు. మార్చిలో రాసిన మూడు వాక్యాలు నాలుక చివర వరసలో నిలబడ్డాయి. ఇంగ్లీషులోనే ఉన్నాయి. తప్పులు కూడా లేవు. 'తనంతట తానే' అన్నచోట పుస్తకంలో సరిచూసుకున్నది కూడా గుర్తుంది. నోరు తెరిస్తే మూడూ బయటికి వచ్చేస్తాయి. ఏసీ గాలి సరిగ్గా నడుము మీద తగులుతోంది.

"నో సార్," అన్నాడు.

సూడానాయన కలానికి మూత పెట్టాడు.

ఆ శనివారమే మెకానిక్కులు వచ్చి మూడో నంబరుకి కొత్త గొలుసు వేశారు. ఒకటో తారీఖున త్రిమూర్తులు కుర్చీలో కూర్చున్నాడు. మెత్త అనుకున్నచోటే తగిలింది. పది రోజుల్లో పొద్దున్నే గోడ పట్టుకోకుండా లేవగలిగాడు.

రోజూ ఖాదర్‌కి ముద్దలు పెడుతూనే ఉన్నాడు. అన్న క్లర్కయ్యాడని ఖాదర్ అందరికీ తనే పలావు చెయ్యించి పెట్టాడు. "నేను నెట్టకపోతే యాడుండేవోనివి అన్నా? ఆ దినం ఎనక నిల్చుకోనుంటివి, ముచ్చు మాదిరి." త్రిమూర్తులు ఆ పలావు కూడా ముద్దలు చేసి వాడి నోట్లో పెట్టాడు.

జూన్ రెండో వారంలో ఆఫీసునుంచి ఖాదర్‌కి ఉత్తరం వచ్చింది. అందులో ఉన్నది చదవడానికి ఎవరి ఇంగ్లీషూ అక్కర్లేకపోయింది. టికెట్టు కూడా కవరులోనే పెట్టారు. దానికి జతగా పాత కాగితం నకలు ఒకటి ఉంది, ఖాదర్ వేలిముద్రతో.

శుక్రవారం మధ్యాహ్నం. గదిలో మిగతావాళ్లు బట్టలు ఉతకడానికి పోయారు. ఖాదర్ ఆ నకలు మంచం మీద పరిచాడు.

"అన్నా, దీన్ని తెలుగులో సదువు."

"ఇప్పుడెందుకురా, ఎందుకొచ్చిన గొడవ—"

"సదువన్నా. ఒక్కో మాటా సదువు. నువ్వేం కలపొద్దు."

త్రిమూర్తులు చదివాడు. ఈసారి నిజంగానే ఏమీ కలపలేదు, ఏమీ తియ్యలేదు. ఎక్కువ బరువు ఎత్తాడు. సీటు వదిలి దిగాడు. ఎవరూ చెప్పకుండా చెయ్యి పెట్టాడు. యంత్రం మంచి స్థితిలో ఉన్నది. తెలుగులో ఆ వాక్యాలు పొట్టిగా ఉన్నాయి. త్వరగా అయిపోయాయి.

ఖాదర్ ఆ నకలు తన వైపు తిప్పుకున్నాడు.

"ఆ దినం ఆ పొడుగాయన కడాకు నిన్నొకటి అడిగె గదా, కాగితం పక్కకి పెట్టి. అదేంది?"

"ఇంకేవన్నా తెలుసా అని."

"నువ్వేమంటివి?"

"ఏం లేదన్నాను."

తిట్టినా బాగుండేది. ఖాదర్ తలూపాడు, అంతే. సరిగ్గా వినిపించిందన్నట్టు ఊపాడు.

"నీకు ఇంగ్లీషు బాగా వొచ్చిందన్నా," అన్నాడు.

"నాకు మాట రాలేదురా ఆ టయానికి. దేవుడి తోడు. పరీక్షలో లాగ అయిపోయింది..."

అంటూనే ఆగిపోయాడు. అది అబద్ధమో నిజమో అతనికే తెలియదు. మూడు వాక్యాలు నాలుక మీద నిలబడిన సంగతి మాత్రం తెలుసు.

సాయంత్రం అన్నం కలిపి పళ్లెం పట్టుకెళ్తే ఖాదర్ అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. త్రిమూర్తులు ముద్ద చేయబోయాడు. ఖాదర్ పళ్లెం అవతలికి జరిపాడు. పెదాలు కదుపుతూ ఏదో అనుకుని, ఎడమచెయ్యి అన్నంలో పెట్టాడు. సగం గడ్డం మీద పడింది. తుడుచుకోలేదు. పళ్లెం ఖాళీ అయ్యేదాకా అలాగే తిన్నాడు. ఆ తర్వాత వెళ్లేదాకా ఉన్న పన్నెండు రోజులూ అలాగే తిన్నాడు.

ఆ పన్నెండో రోజునే లింగ్ పరీక్ష ఫలితం వచ్చింది. షెన్ సాబ్ పొద్దున్నుంచీ షెడ్డంతా తిరుగుతూ చైనా నుంచి తెప్పించిన చాక్లెట్లు పంచుతున్నాడు. పనివాళ్ల ముందు ఎప్పుడూ నవ్వని మనిషి, పళ్లన్నీ కనిపిస్తున్నాయి. లింగ్‌కి అన్నిటికంటే ఇంగ్లీషులోనే ఎక్కువ వచ్చాయట. అద్దాల గదిలోకి వచ్చి రెండు చేతులతో త్రిమూర్తుల చెయ్యి పట్టుకున్నాడు.

"థాంక్యూ, టీచర్."

అప్పుడే ఖాదర్, తన జీతం లెక్క తేల్చిన కాగితాల మీద ఆఖరి వేలిముద్ర వెయ్యడానికి గదిలోకి వచ్చాడు. భుజానికి సంచి. విమానాశ్రయానికి పోయే బండి బయట ఉంది. షెన్ సాబ్ నవ్వు ఒక్క క్షణం తగ్గింది. మళ్లీ తెచ్చుకుని అతని ఎడమచేతిలో ఒక చాక్లెట్ పెట్టాడు.

"బేటీ పాస్," అన్నాడు.

"ముబారక్ సాబ్," అన్నాడు ఖాదర్.

మెరుపు కాగితం, రెండు కొసలూ మెలిపెట్టి ఉన్నాయి. ఒక చేత్తో విప్పేది కాదు. త్రిమూర్తులు కుర్చీలోంచి లేచి చెయ్యి చాపాడు. ఖాదర్ పక్కకి తిరిగి, ఒక కొసను పళ్లతో పట్టి చించాడు. కాగితం నేల మీద ఉమ్మేసి, చాక్లెట్ బుగ్గన పెట్టుకున్నాడు. కాగితాల మీద తనే వేలు నొక్కాడు. ఈసారి ఎవర్నీ ఏం రాశారని అడగలేదు. సంచి సర్దుకుని, వేడి గాలిలోకి తలుపు తోసుకుని వెళ్లిపోయాడు.

తలుపు దానంతట అదే మూసుకుంది.

షెన్ సాబ్ బల్ల మీద ఆ లావు పుస్తకం పెట్టాడు. తనకిక పని లేదు, నువ్వుంచుకో అని సైగ చేశాడు. బయట కొత్త కంటెయినరు వచ్చి ఆగింది. త్రిమూర్తులు కూర్చుని టాలీ కాగితం ముందుకి లాక్కున్నాడు. మూడో నంబరు మీద ఇప్పుడెవరో కొత్త కుర్రాడు. టైల్సు ఎత్తి, మనిషెత్తున ఆపి, పక్కకి చూసి ఏదో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఫోర్కులు ఆపినచోటే ఆగాయి. వెంట్రుకవాసి కూడా దిగలేదు.

త్రిమూర్తులు గీతలు పెట్టడం మొదలుపెట్టాడు. నాలుగు నిలువు, ఒక అడ్డం.